నేల మీద కూర్చుని లేవడం

మా విజయవాడలో ఫిజియోథెరపిస్టు అన్న మాట నోరు తిరగనివాళ్లు మమ్మల్ని కరెంటు డాక్టరు అంటారు. నడుం నొప్పి అని వస్తారు. మెషిను తగిలించి కాసేపు చురుక్కు చురుక్కుమనిపిస్తే వైద్యం జరిగినట్టు లెక్క. అలాకాక, గోడ పట్టుకుని నిలబడండి, మడమలు పైకెత్తండి అంటే మొహం మాడ్చుకుంటారు. "కరెంటు పెట్టకుండానే పంపించేస్తున్నారేంటండీ" అని నన్ను నిలదీసినవాళ్లు కోకొల్లలు. ఉద్యోగమంతా ఈ మాట పడుతూనే చేశాను. రిటైరయ్యాక కూడా వన్ టౌన్‌లో మా వీధి చివర టీ కొట్టు దగ్గర నన్ను కొత్తవాళ్లకి పరిచయం చేసేది ఆ పేరుతోనే. కరీముల్లా అన్న నా పేరు మా ఆవిడకీ, పెన్షను ఆఫీసుకీ తప్ప ఎవరికీ అక్కర్లేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి సలహా అడుగుతుంటారు. ఏ మెషిను కొనాలి, క్లినిక్కు బెంజ్ సర్కిల్ దగ్గర పెడితే బాగుంటుందా అని. నాకు ఆ సంగతులు తెలియవు. ఒంటి బరువుతో, ఇంట్లో ఉన్న సామానుతో మనిషి ఎంతవరకు కోలుకోగలడో మాత్రం చూశాను. చూసినకొద్దీ ఆశ్చర్యం పెరిగిందే కానీ తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సరోజినిగారి పరీక్ష

నేను చేరినప్పుడు మా డిపార్టుమెంటుకి పెద్ద సరోజినిగారు. పొట్టి మనిషి, నేత చీర, నోరు మాత్రం ఆస్పత్రి గేటు దాకా వినిపించేది. కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ ఆవిడ గది మధ్యలో నిలబెట్టి, చేతులు ఆనించకుండా నేల మీద కూర్చుని లేవమనేవారు. డిగ్రీలు చేతబట్టుకుని వచ్చిన కుర్రాళ్లం, సగం మందిమి ఒక పక్కకి ఒరిగిపోయేవాళ్లం. అప్పుడు ఆవిడ కుచ్చిళ్లు కాస్త సర్దుకుని, నేల దాకా దిగి, ఎక్కడా చెయ్యి ఆనించకుండా లేచి నిలబడేవారు. అప్పటికే ఆవిడ జుట్టు నెరిసింది.

ఆవిడ చెప్పేది ఒకటే. మనం చదివిన పుస్తకాలు కుర్చీల్లో బతికేవాళ్ల కోసం రాసినవి. మన పేషెంట్లు అన్నం తినేది నేల మీద, కూర తరిగేది నేల మీద, పూజైనా నమాజైనా నేల మీద, మరుగుదొడ్డిలో కూడా గొంతుక్కూర్చోవాల్సిందే. అలాంటి మనిషికి కుర్చీలో కూర్చుని కాలు ఊపడం నేర్పి ఇంటికి పంపిస్తే సగం మనిషిని పంపించినట్టే. అందుకని ఆవిడ మమ్మల్ని ముందు ఇల్లు చూడమనేవారు. ఇంట్లో ఏ పీట ఎంత ఎత్తుందో, కిటికీకి ఊచలున్నాయో లేవో, మెట్లెన్నో చూసి అప్పుడు వ్యాయామం చెప్పమనేవారు.

ఇల్లు చూడాలన్న మాట ఎంత నిజమో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల వ్యాపారి ఇంట్లో బాగా తెలిసింది. మోకాళ్ల నొప్పులు, ఒళ్లు బరువు. ఇంట్లో పరిగెత్తే మెషినుంది, దాని మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. దాన్ని అలాగే వదిలేసి, ఆయన రోజూ కూర్చుని టీవీ చూసే సోఫా మీంచే లేచి కూర్చోవడం మొదలుపెట్టించాను. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవాలి. చేతుల్లో చెరో నీళ్ల సీసా. ఆయన భార్య నవ్వీ నవ్వీ చివరికి తనూ మొదలుపెట్టింది. తువ్వాళ్లు మాత్రం ఆ మెషిను మీదే ఆరుతూ ఉండేవి, ఆ విషయంలో నేను వేలు పెట్టలేదు.

కొండ మీద ఇంటికి

ఇక వీరమ్మగారి సంగతి. నా సర్వీసు చివరి ఏడాదిలో వచ్చిన కేసు. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోను.

ఆవిడది బందరు పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. పొద్దున్నే హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కత్తిపీట కూడా గంపలోనే. కొన్నవాళ్ల గుమ్మం ముందే కూర్చుని, కత్తిపీట చెక్కని కుడికాలితో తొక్కిపట్టి, చేప శుభ్రం చేసి ముక్కలు కోసి ఇచ్చేది. ఆ ఏడు శివరాత్రి ముందు, ఆడవాళ్లతో గంపలతో వస్తున్న ఆటో రోడ్డు పక్కకి పల్టీ కొట్టింది. అందరికీ గీరుకుపోయింది, ఈవిడకి మాత్రం కుడి తొడ ఎముక విరిగింది. విజయవాడ తీసుకొచ్చి మా ఆస్పత్రిలో ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు.

డిశ్చార్జి అయ్యాక కూతురు దుర్గ దగ్గర దిగింది. దుర్గ వన్ టౌన్‌లో చీరల కొట్లో పనిచేస్తుంది, అల్లుడు ఆటోనగర్‌లో లారీ టైర్ల షాపులో. ఉండేది కొండవాలు ఇంట్లో, ఒక గది, ముందు చిన్న వసారా. అక్కడికి చేరాలంటే సందుల్లోంచి మెట్లే మెట్లు. అన్ని మెట్లు దిగి ఆవిడ రోజూ ఆస్పత్రికి రావడం కుదరని పని. డ్యూటీ దిగాక నేనే వెళ్లేవాణ్ణి, మా ఇంటి నుంచి దగ్గరే.

మొదటి రోజు నా చేతిలో ఏమీ లేకపోవడం చూసి ఆవిడ దిగాలు పడింది. కరెంటు మిషను ఏదండీ అంది. కొండెక్కేటప్పటికి నాకే కరెంటు పెట్టాల్సొచ్చేట్టుంది, ఇక దాన్ని కూడా మోస్తానా అన్నాను. నవ్వింది. నవ్వాక అసలు మాట చెప్పింది.

బందరులో చేపలమ్మే ఆడవాళ్లకి ఎవరి వీధులు వాళ్లవి. ఒకరి వీధిలోకి ఇంకొకరు గంపతో రారు. ఎవరైనా మంచాన పడితే తోటివాళ్లు కొన్నాళ్లు ఆ వీధులు చూస్తారు, ఆ ఇళ్లవాళ్లతో ఫలానా ఆవిడ వస్తుందమ్మా అని చెబుతూ ఉంటారు. అలా ఎంతకాలమో చూడలేరు. ఎండాకాలం వేట నిషేధం అయిపోయి, పడవలు సముద్రం మీదికి వెళ్లి తొలి చేప ఒడ్డుకి దిగే రోజుని గడువుగా పెట్టుకున్నారు.

"ఆ రోజు నేను గంప ఎత్తకపోతే నా వీధులు పోతాయండి" అంది వీరమ్మగారు. "వాళ్లనీ అనలేను, వాళ్లకీ సంసారాలున్నాయి. గంప ఎత్తాలంటే ముందు కూకుని లేవాలి కదా. నన్ను నేల మీద కూకోబెట్టి లేపండి, చాలు."

ఆస్పత్రి కాగితంలో కింద కూర్చోకూడదు అని ఉంది. ఎముక అతికేదాకా అది సరైన మాటే. దుర్గ మాత్రం దాన్ని జీవితాంతానికి పట్టుకుంది. అమ్మా, కుర్చీ కొన్నాం, నీకేం తక్కువ, ఇక్కడే ఉండిపో అనేది. ఆ పిల్లకి తల్లి మీద ఉన్నది ప్రేమే. కానీ తల్లి ఆ కుర్చీకేసి చూసే చూపు నాకు అర్థమయ్యేది.

ఇటుకలు, పీటలు, లారీ ట్యూబు

పని మంచం దగ్గర మొదలుపెట్టాం. పడుకుని మోకాలి కింద చుట్టిన దుప్పటిని నొక్కడం. కుడి తొడ కండ ఎంత కరిగిపోయిందంటే, నొక్కమంటే అది నొక్కిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలిసేది కాదు. కొన్ని రోజులకి నా అరచేతి కింద ఆ కండ సన్నగా బిగిసింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడదు. నిద్రపోయిందనుకున్నది లోపలినుంచి పలుకుతుంది. ఆవిడకి చెబితే, అదేంటో వేలితో తాకి చూసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంది.

అల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. ఏం కావాలో చెప్పండి సార్ అనడం, మర్నాటికి తేవడం, అంతే. పాత లారీ ట్యూబుని పట్టీలుగా కోసి తెచ్చాడు. లావువి, సన్నవి. ఒక పట్టీని కిటికీ ఊచకి కట్టి, రెండో కొస చీలమండకి తగిలించి, కాలు వెనక్కీ పక్కకీ లాగించేవాణ్ణి. బజారులో రంగురంగుల రబ్బరు పట్టీలు అమ్ముతారు, అవీ మంచివే. లారీ ట్యూబు వాసన భరించగలిగితే అది ఏ విధంగానూ తీసిపోదు. ఆటోనగర్ ఉన్న ఊళ్లో రబ్బరుకి కరువా.

కూర్చుని లేవడం మాత్రం మెట్టు మెట్టుగా దించాం. మొదట మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. అంత ఎత్తు నుంచి లేవడం సుళువు. తర్వాత ఇటుకలు తీసేశాం. తర్వాత ప్లాస్టిక్ స్టూలు. ఆ మధ్యలో ఎక్స్‌రే తీయించి, ఎముక గట్టిగా అతికిందని మా ఎముకల డాక్టరుగారి చేత అనిపించుకున్నాకే పీటల జోలికి వెళ్లాం. రెండు పీటలు ఒకదాని మీద ఒకటి. తర్వాత ఒక్క పీట. గుమ్మం పైన గట్టి కొక్కేనికి చీర ముడేసి కట్టి, దాన్ని పట్టుకుని లేవడం.

ఒక్క పీట దగ్గర ఆగిపోయాం. పీటకీ నేలకీ మధ్య బెత్తెడు ఎత్తు. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. ఆ బెత్తెడు దిగలేక పెద్ద పెద్ద మనుషులు జీవితాంతం కుర్చీకి అతుక్కుపోవడం నేను చూశాను.

దాంతోపాటు ఇంకో చిక్కు. నడిచేటప్పుడు కుడికాలు నేల మీద పెట్టినప్పుడల్లా ఆవిడ ఒళ్లంతా ఆ పక్కకి ఒరిగేది. తుంటి పక్కన ఉండే కండ బలహీనపడితే అలా జరుగుతుంది. దానికి తెలిసిన వ్యాయామాలన్నీ చేయించాను. పక్కకి తిరిగి పడుకుని కాలెత్తడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, రెండు కాళ్లకీ పట్టీ వేసుకుని అడ్డంగా నడవడం. అద్దం పెట్టి చూపించాను. కండకి బలం వచ్చింది, చేత్తో ఆపి చూస్తే తెలుస్తోంది. నడక మాత్రం మారలేదు. అలా ఒరిగే మనిషి నెత్తిన గంప నిలవదు. వేట నిషేధం చివరికొచ్చేసింది. ఆవిడ నన్ను ఏమీ అడగడం మానేసింది, చెప్పినవి మాత్రం చేస్తోంది. దుర్గ నన్ను పక్కకి పిలిచి, అమ్మకి ఇక ఆశ పెట్టకండి సార్ అని మెల్లగా చెప్పింది.

బిందె

ఆ కొండ మీద కుళాయి ఇళ్లకి కాస్త దిగువన, మలుపు దగ్గర ఉంటుంది. సాయంత్రం నీళ్లొస్తాయి. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి గది తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. వసారాలోంచి కిందికి చూశాను. వీరమ్మగారు నెత్తి మీద నీళ్ల బిందెతో మెట్లెక్కి వస్తోంది.

అరిస్తే ఉలిక్కిపడుతుందని నోరు మూసుకున్నాను. ఒక చేత్తో గోడ తడుముతూ మెట్లెక్కింది. పైన ఇంటి ముందు చదునుగా కొంత దారి ఉంది. అక్కడికొచ్చాక గోడ వదిలేసింది. రెండు చేతులూ కిందికి వదిలేసి నడిచి వచ్చింది.

నిటారుగా నడిచి వచ్చింది. ఏ పక్కకీ ఒరగలేదు.

బిందె గట్టు మీద దించి నన్ను చూసింది. తిడతాననుకుని తల దించుకుని నా వైపు రెండడుగులు వేసింది. ఆ రెండడుగుల్లో కుడి పక్కకి మళ్లీ ఒరిగింది.

"వీరమ్మగారూ, ఆ బిందె మళ్లీ ఎత్తుకోండి" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నేనే పట్టి నెత్తి మీద పెట్టాను. ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది. నిటారుగానే. దించమన్నాను, నడవమన్నాను, ఒరిగింది. మళ్లీ ఎత్తుకోమన్నాను, ఒరగలేదు. పక్కింటివాళ్లు వింతగా చూస్తున్నారు. అంతకాలం నేను వెతుకుతున్న నడక ఆవిడ దగ్గరే ఉంది.

ఎలా వస్తోందని అడిగాను. "నెత్తి మీద బరువుంటే కాలు సంగతి గుర్తుండదండీ" అంది.

ఇంటికెళ్లి సరోజినిగారికి ఫోను చేశాను. ఎప్పుడో రిటైరై, బాగా పెద్దవారైపోయారప్పటికి, గొంతు మాత్రం అదే. జరిగింది చెప్పాను. చిన్నతనం నుంచీ బరువు మోసిన ఒళ్లు, బరువుతో నడిచే నడకని వేరుగా దాచుకుని ఉంటుంది, ఆ నడకకి దెబ్బ తగల్లేదు అని నా ఊహ. ఆవిడ అంతా విని, "ఇది నువ్వు నేర్పింది కాదు కరీముల్లా. ఆ అమ్మ దగ్గర ముందే ఉంది. దానికి అడ్డం రాకుండా చూసుకో" అన్నారు.

అడ్డం వచ్చింది దుర్గ. బిందె సంగతి పక్కింటివాళ్లు చెప్పారు. నెత్తి మీద బరువు తిన్నగా లోపలి రాడ్డు మీద పడి అది వంగిపోతుందని ఆ పిల్ల భయం. వాళ్ల పల్లెలో అందరూ అలాగే నమ్ముతారట. తల్లి సంచిలో దాచుకున్న గుడ్డ చుట్టని, గంప కింద నెత్తిన పెట్టుకునేదాన్ని, తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. నా మాట వినలేదు. సరే, డాక్టరుగారి మాటైనా వింటావా అని ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. వార్డు నుంచి ఒక స్టీలు బిందె అడిగి తెచ్చి, ఓపీ వరండాలో ఆవిడని నడిపించాను. డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చి చూశారు. మళ్లీ నడవమన్నారు. మళ్లీ చూశారు. కట్లు కట్టుకుని బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా మెడలు సాచి చూస్తున్నారు.

ఆయన కొత్త ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి పట్టి దుర్గకి చూపించారు. అతికిన ఎముక బరువు మోస్తుంది, మోస్తేనే గట్టిపడుతుంది, రాడ్డు వంగదు అని ఓపిగ్గా చెప్పారు. బరువు మాత్రం కొద్దికొద్దిగా పెంచమని నాకు హెచ్చరిక. దుర్గ ఇంటికెళ్లి బీరువా తాళం తీసింది.

ఆ తర్వాత మా వ్యాయామమంతా నెత్తి మీద బరువుతోనే. ముందు ఖాళీ గంప, తర్వాత గంపలో కాస్త తడి ఇసక, రోజు రోజుకీ ఇంకాస్త. గంపతో నడిచి, దించిన వెంటనే ఉత్తగా నడవడం. మొదట్లో నాలుగడుగులకే ఒరిగేది. పోను పోను ఆ నిటారు నడక గంప దించాక కూడా మిగలడం మొదలైంది. పీట కూడా అంతే. నెత్తి మీద ఖాళీ గంప పెట్టుకుని కూర్చోమంటే నడుం తిన్నగా పెట్టి దిగింది. ఒకరోజు పీట పక్కకి తోసేశాం. చీర కొసని వేళ్లతో తాకీ తాకనట్టు పట్టుకుని నేల దాకా దిగింది. కాసేపు నేల మీద అలాగే కూర్చుని ఆ చుట్టూ అరచేత్తో నిమిరింది. తర్వాత మోకాలి మీద చెయ్యి వేసుకుని, చీర వదిలేసి, లేచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న దుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మీకు చెప్పేది

ఇది చదివి పేషెంట్లందరి నెత్తిన బిందెలు పెట్టకండి. ఎముక అతికిందని డాక్టరు చెప్పకుండా బరువు మాట ఎత్తకండి. ఇంకొకరికి ఇది పనిచేస్తుందని నేను చెప్పలేను. మన దగ్గరికొచ్చే ప్రతి మనిషి ఒళ్లూ ఏదో ఒక పనిలో ఏళ్లకేళ్లు సాగి వచ్చింది. ఆ పని ఏమిటో అడగండి. చేసి చూపించమనండి. కుదిరితే ఇంటికెళ్లి చూడండి. పరికరాలు ఆ ఇంట్లోనే దొరుకుతాయి. మెషిన్లని నేను తిట్టడం లేదు, వాటి పని వాటికుంది. వాటిని చూస్తూ మనిషిని చూడ్డం మానేసినవాళ్ల మీదే నా కోపం.

పడవలు తొలి వేట నుంచి తిరిగొచ్చిన రోజు నేను బస్సెక్కి బందరు వెళ్లాను. డ్యూటీకి సెలవు పెట్టాను, ఎందుకని అడిగితే చెప్పలేదు. పొద్దున హార్బరులో గంప ఎత్తడానికి మొదటి చెయ్యి వేసింది దుర్గేనట, అందుకోసం ముందు రోజే వచ్చిందట. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి వీరమ్మగారు తన వీధిలో ఒక ఇంటి గుమ్మం ముందు నేల మీద కూర్చుని, కుడికాలితో కత్తిపీట తొక్కిపట్టి వంజరం చేప కోస్తోంది. నన్ను చూసి నవ్వింది కానీ చేతులు ఆపలేదు. ముక్కలు ఆ ఇంటావిడ గిన్నెలో వేసి, కత్తిపీట కడిగి గంపలో పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది.

నెత్తిన గంప ఎత్తడానికి ఎప్పుడూ ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఏ ఇంటి ముందు కోస్తే ఆ ఇంటివాళ్లు వేస్తారు. ఆ ఇంటావిడ గిన్నె పక్కన పెట్టి ముందుకొచ్చింది. వీరమ్మగారు ఆవిణ్ణి ఆపింది.

"ఉండండమ్మా. డాక్టరుగారూ, మీరోసారి చెయ్యెయ్యండి."

వేశాను. మేం ఇసకతో నింపిన గంప కంటే అది చాలా బరువుంది. ఆవిడ కింద ఒదిగి, గుడ్డ చుట్ట మీద గంపని కుదురుగా నిలుపుకుని, చేపలమ్మా చేపలు అని కేక వేసుకుంటూ కదిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. నెత్తిన గంప ఉన్నవాళ్లు తిరగరు.

నేను ఆ వీధిలో నిలబడి ఆవిడ కాళ్లనే చూస్తున్నాను. శివరాత్రి నుంచీ నా చేతుల్లో ఉన్న కాలు అది. ఆవిడ వీధి చివర మలుపు తిరిగేసరికి, ఆ రెండు కాళ్లలో విరిగిన కాలు ఏదో నాకే తెలియలేదు.